కర్నూలా, అనంతపురమా, కడపా: సిటీ వదిలి వచ్చేవాళ్లు ముందు చూసుకోవాల్సినవి

పోయిన సంక్రాంతికి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. బాగున్నావా అని కూడా అడక్కుండా, "అన్నా, హైదరాబాద్ ఇంక మావల్ల కాదు. కర్నూలా, అనంతపురమా, కడపా? నువ్వు మూడు ఊళ్లలోనూ ఉన్నావు కదా, చెప్పు" అన్నాడు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఉద్యోగస్తులు. ఆరేళ్ల కూతురు. వాళ్లతోపాటే మా పిన్ని. నెలకు నాలుగు రోజులు ఆఫీసుకొచ్చి కనపడితే చాలని వాడి కంపెనీవాళ్లు అన్నారట.

మూడూళ్లూ నాకు తెలిసిన మాట నిజమే. నాన్నది బ్యాంకు ఉద్యోగం, మూడేళ్లకో బదిలీ. నా హైస్కూలు అనంతపురంలో, ఇంటరూ డిగ్రీ కడపలో అయ్యాయి. తర్వాత పన్నెండేళ్లు కూకట్‌పల్లిలో ఉండి, 2019లో కర్నూలుకు వచ్చేశాను. వాడికి ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను.

చిన్న ఊళ్లో ఏముంటుంది అనేది పాతమాట. 2011 లెక్కల్లోనే కర్నూలు నగరం జనాభా నాలుగు లక్షలు దాటింది. కడపది దాదాపు మూడున్నర లక్షలు, అనంతపురానిది రెండున్నర లక్షల పైన. మాల్స్ ఉన్నాయి, ఫైబర్ నెట్ ఉంది, బిర్యానీ ఇంటికే వస్తుంది. నేను చూసినంతలో తేడా ఇంకోచోట ఉంది. ఈ ఊళ్లలో అన్నీ ఉంటాయి, కానీ చాలావరకు ఒక్కొక్కటే ఉంటాయి. ఫలానా జబ్బుకు మంచి డాక్టరు ఒకరు. పిల్లలకు వయొలిన్ నేర్పే మేడం ఒకరు. ఆ బ్రాండు వాషింగ్ మెషీన్ బాగుచేసే కుర్రాడు ఒకడు. ఆ ఒక్కరూ ఊళ్లో ఉంటే సిటీ కంటే హాయి. క్యూ ఉండదు, పేరుపెట్టి పిలుస్తారు. ఆ ఒక్కరూ లేకపోతే మాత్రం మన పని అయినట్టే.

## ఆ రాత్రి

ఇక్కడికొచ్చిన మూడో ఏడు, రాత్రి పదకొండున్నరకు నాన్నకు గుండెలో నొప్పి. పది నిమిషాల్లో ఆసుపత్రిలో ఉన్నాం. కూకట్‌పల్లిలో అయితే ఆ టైముకు ఇంకా సెల్లార్లోంచి కారు తీస్తూ ఉండేవాణ్ని. ఈసీజీ తీశారు, ఏదో ఇంజెక్షన్ ఇచ్చారు, "సార్ వస్తున్నారు" అన్నారు. పన్నెండయింది. ఒంటిగంటయింది. సార్ రాలేదు. చివరికి ఒక నర్సమ్మకు మా మొహాలు చూసి జాలేసినట్టుంది, పక్కకు పిలిచి చెప్పింది: "అన్నా, సార్ హైదరాబాద్‌లో పెళ్లికి పోయినారు. పొద్దున్నగ్గానీ రారు. మీరు ఇంకో ఆసుపత్రికి తీసకపోండి." ఆ ముక్క పదకొండున్నరకే చెప్పి ఉండొచ్చు. బిల్లు మాత్రం కట్టించుకునే వదిలారు.

రెండు వీధుల అవతల ఇంకో ఆసుపత్రిలో డాక్టరు ఉన్నారు. తెల్లారేలోపు స్టెంట్ వేశారు. నాన్న ఇప్పుడు పొద్దున్నే వాకింగ్‌కు పోయి, వచ్చేటప్పుడు రైతుబజారు నుంచి కూరగాయలు కూడా తెస్తున్నాడు. అందుకే కర్నూలులో వైద్యం లేదని అనను. మూడూళ్లలోకీ వైద్యానికి కర్నూలే గట్టిది. 1956లో పెట్టిన మెడికల్ కాలేజీ, దాని పెద్దాసుపత్రి, వాటి చుట్టూ పెరిగిన ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి. తుంగభద్ర అవతల గద్వాల వైపు నుంచి, కర్ణాటక సరిహద్దు పల్లెల నుంచి కూడా రోగులు ఇక్కడికే వస్తారు. కానీ ఏ డాక్టరు ఏ ఆసుపత్రిలో ఉంటారో, ఆదివారం ఉంటారో లేదో, నొప్పి రాకముందే తెలుసుకుని పెట్టుకోవాలి. ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఒక చీటీ అంటించి ఉంటుంది. అందులో మూడు ఆసుపత్రుల నంబర్లు, ఒక అంబులెన్సు డ్రైవరు నంబరు ఉన్నాయి.

ఇంకో సంగతి. ఈ ఊళ్లలో పెద్ద స్పెషలిస్టులు చాలామంది "రెండో ఆదివారం, నాలుగో ఆదివారం" డాక్టర్లు. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వచ్చి, మధ్యాహ్నం దాకా చూసి వెళ్లిపోతారు. ఇంట్లో కిడ్నీ, క్యాన్సర్, నరాల జబ్బులాంటివి ఉన్నవాళ్లు ఈ లెక్క వేసుకోకుండా ఊరు మారకూడదు.

## వెనకాల ఏ ఊరుంది?

అందుకే మా తమ్ముడితో మొదట అన్నాను: "నువ్వు చిన్న ఊరిని చూడకురా, దాని వెనకాల ఉన్న పెద్ద ఊరిని చూడు." రెండో డాక్టరు, రెండో ఉద్యోగం, రెండో కాలేజీ దొరికేది అక్కడే. ఈ మూడు ఊళ్లకూ వెనకాల ఉన్న ఊళ్లు వేరు వేరు.

కర్నూలు వెనకాల హైదరాబాద్. 44వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 215 కిలోమీటర్లు. శుక్రవారం సాయంత్రం శంషాబాద్ దాటడానికి పట్టే టైమును పక్కనపెడితే, మూడున్నర నాలుగు గంటల దారి. రైళ్లు ఉన్నాయి. 2023 సెప్టెంబరు నుంచి కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ కూడా ఆగుతోంది.

అనంతపురం వెనకాల బెంగళూరు. అదే రోడ్డు, దాదాపు అంతే దూరం, దక్షిణానికి. ఆ వందేభారత్ ఇక్కడా ఆగుతుంది. ఇక్కడో తమాషా ఉంది. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది, కడపలో 2015 నుంచి విమానాలు దిగుతున్నాయి. అనంతపురానికి సొంతంగా ఏమీ లేదు. అయినా విమానం ఎక్కేవాళ్లకు ముగ్గురిలోనూ సుఖపడేది అనంతపురంవాళ్లే. బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్లిలో, ఊరికి ఉత్తరాన, ఇదే హైవే పక్కన ఉంది. బెంగళూరు ట్రాఫిక్‌లో కాలు పెట్టకుండానే దుబాయ్‌కి పోవచ్చు. ఓర్వకల్లు, కడప విమానాలు తక్కువ. సర్వీసులు మారుతూ ఉంటాయి, ఈ ఏడాది ఉన్నది వచ్చే ఏడాది ఉంటుందని లేదు. వాటిని నమ్ముకుని ఇల్లు మాత్రం మారకండి.

కడప సంగతి వేరు. హైదరాబాద్ 400 కిలోమీటర్ల పైనే. బెంగళూరు 250 దాకా ఉంటుంది, రాయచోటి మీదుగా ఘాట్లు దిగుతూ ఎక్కుతూ పోవాలి. కడపవాళ్లు వెనక్కి తిరిగి చూసేది తిరుపతి వైపు, ఆ తర్వాత చెన్నై వైపు. తిరుపతి దాదాపు 140 కిలోమీటర్లు. కడప ముంబై–చెన్నై రైలు మార్గం మీద ఉండటం దానికి పెద్ద బలం. జబ్బు ముదిరితే తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి, అక్కడా తేలకపోతే రాయవేలూరు, అంటే తమిళనాడులోని వెల్లూరు ఆసుపత్రి. మా చిన్నప్పటి నుంచీ వింటున్న మాట ఇది, "రాయవేలూరు తీసకపోయినారంట" అంటే సంగతి సీరియస్ అని అర్థం. హైదరాబాద్ ఉద్యోగానికి నెలకు ఒకసారి పోతే చాలు అనుకునేవాళ్లకు వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది, రాత్రి ఎక్కి పడుకోవచ్చు. నెలకు నాలుగుసార్లంటే మాత్రం నడుం చెబుతుంది.

కాబట్టి కాగితం తీసుకుని ఒక లెక్క రాయండి. పోయిన ఏడాది మీ ఇంట్లోవాళ్లు ఏ పెద్ద ఊరికి, ఎందుకు, ఎన్నిసార్లు పోయారు? రాబోయే ఐదేళ్లలో ఎన్నిసార్లు పోవాల్సి రావచ్చు? మా తమ్ముడు హైదరాబాద్ అని రాస్తాడనుకున్నాను. వాడి భార్య చెల్లెలు, తమ్ముడు ఇద్దరూ బెంగళూరులో ఉన్నారనేది నాకు తట్టనేలేదు.

## నీళ్లు

సిటీలో అపార్టుమెంటు జీవితానికి అలవాటుపడ్డవాళ్లు రాయలసీమలో ఇల్లు చూసేటప్పుడు మార్బుల్ చూస్తారు, వాస్తు చూస్తారు, కారు పార్కింగ్ చూస్తారు. సంపు ఎంత లోతో అడగరు.

మేం అనంతపురంలో ఉన్నప్పుడు వీధికొళాయి దగ్గర బిందెలకు బిందెలు వరసలో ఉండేవి. మనిషి నిలబడక్కర్లేదు, బిందె నిలబడితే చాలు. మా అమ్మది చొట్టపడిన సత్తు బిందె, అందరూ గుర్తుపట్టేవాళ్లు. తెల్లవారుజామున నీళ్లొచ్చిన చప్పుడుకు వీధి వీధంతా లేచేది. ఇంటికి చుట్టాలొస్తే ఆనందం, వెంటనే తొట్టి వైపు ఒక చూపు. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే మరి. ఆ రోజులు ఇప్పుడు లేవు. పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరు నుంచి పైపుల్లో నీళ్లొస్తున్నాయి. జిల్లా పల్లెల్లో ఫ్లోరైడు నీళ్లు తాగుతున్నవాళ్లకు 1990లలో సత్యసాయి ట్రస్టు తెచ్చిన మంచినీళ్ల పథకం ఎంత మేలు చేసిందో అక్కడ పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. అయినా శివారు కాలనీల్లో ఇల్లు చూస్తే బోరు ఉందా, ఉంటే ఎండాకాలం ఎన్ని గంటలు పోస్తుంది అని యజమానిని కాదు, పక్కింటివాళ్లను అడగండి.

అంత కరువు ఊళ్లోనే 2022 అక్టోబరులో నడిమివంక అనే వాగు పొంగి కాలనీలు మునిగాయి. వంకలు ఎండిపోయి ఏళ్లకేళ్లు కనిపించవు కాబట్టి వాటి పక్కనే, ఒక్కోచోట వాటి మీదే ఇళ్లు లేస్తాయి. వంకకు మాత్రం దాని దారి గుర్తుంటుంది. కడపలోనూ ఇంతే. ఊరి నడుమ బుగ్గవంక ఉంది. 2001లో అది చేసిన పని చూసినవాళ్లు ఆ ఒడ్డున చవగ్గా వచ్చినా ఇల్లు కొనరు. తర్వాత గోడలు కట్టారు, అది వేరే సంగతి. మామూలు రోజుల్లో కడపకు పెన్న ఇసుకలోంచి వచ్చే నీళ్లు రుచి. ఈ విషయంలో నేను కొంచెం పక్షపాతిని.

కర్నూలుది ఇంకో కథ. తుంగభద్ర ఒడ్డున ఊరు, మధ్యలో హంద్రీ, పక్కన కేసీ కెనాల్. ఇన్ని నీళ్ల మధ్య ఉండి కూడా మే నెలలో మున్సిపాలిటీ నీళ్ల కోసం ఎదురుచూపులే. నది ఎండిపోతుంది, సుంకేసుల బ్యారేజీలో మట్టం పడిపోతుంది, గాజులదిన్నె జలాశయం నీళ్లు హంద్రీలోకి వదిలారా లేదా అని పేపర్లో చూసుకుంటాం.

ఇక 2009. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పోటెత్తి ఊరిని ముంచాయి. నేనప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాను, టీవీలో చూడటమే. పదేళ్ల తర్వాత పాతబస్తీలో ఒక ఇల్లు అద్దెకు చూడ్డానికి పోతే, కొత్తగా రంగు వేసి ముత్యంలా ఉంది. పక్కింటి అవ్వ అరుగు మీద కూచుని బొరుగులు తింటోంది. "అవ్వా, 2009లో నీళ్లు ఎందాక వచ్చినాయి?" అన్నాను. మాట్లాడకుండా లేచి, గోడ దగ్గరకు పోయి, చెయ్యి పైకెత్తి, మునివేళ్ల మీద నిలబడి గోడను తాకింది. "ఈడికింకా మూరెడు పైకి" అని మళ్లీ వచ్చి బొరుగులు తినసాగింది. ఆ ఇల్లు తీసుకోలేదు. కర్నూలులో ఇల్లు చూసేవాళ్లు ఈ ఒక్క ప్రశ్న అడగండి. యజమాని మర్చిపోయినా పక్కింటివాళ్లు మర్చిపోరు.

ఎండ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మూడూళ్లూ కాలుతాయి. కాకపోతే అనంతపురం కాస్త ఎత్తు మీద ఉండటం వల్ల సాయంత్రం గాలి వీస్తుంది, ఆషాఢంలో అయితే ఆరేసిన బట్టలు పక్క వీధిలో వెతుక్కోవాలి. కడపకు మూడు వైపులా కొండలు, ఊరు పళ్లెంలో ఉన్నట్టుంటుంది. మే నెల రాత్రి పన్నెండింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. కింద పరిచే బండలు చల్లగా ఉంటాయనుకోండి. ఆ బండల పేరుతోనే దేశమంతా మా ఊరు తెలుసు, ముంబైవాళ్లు వంటగట్టు రాయిని 'కడప్పా' అనే అంటారు.

## అద్దె సగం, మిగిలేది సగం కాదు

కూకట్‌పల్లిలో రెండు పడగ్గదుల ఇంటికి 22,000 కట్టేవాణ్ని. ఇక్కడ బీ క్యాంప్ దగ్గర అంతకంటే పెద్ద ఇంటికి 11,000. (కర్నూలు 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. అప్పుడు ఉద్యోగుల కోసం వెలిసినవే ఈ క్యాంపులు. రాజధాని పోయింది, పేర్లు మిగిలాయి.) నెలకు 11,000 మిగులుతాయని లెక్కేసుకుని వచ్చాను. మొదటి ఏడాది చివర చూస్తే మిగిలింది అందులో సగమే.

తిన్నది ఏమిటంటే, ఒకటి ప్రయాణాలు. రెండోది చదివింపులు. నవ్వకండి. సిటీలో ఉన్నప్పుడు "సెలవు దొరకలేదు" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఇక్కడ ఊళ్లోనే ఉండి పెళ్లికి పోకపోతే ఇంకో పదేళ్లు గుర్తుపెట్టుకుంటారు. మాఘమాసంలో మా ఇంటి టీవీ మీద ఎనిమిది శుభలేఖలు ఉంటాయి. పెళ్లికి కవరు, గృహప్రవేశానికి కవరు, ఓణీల ఫంక్షన్‌కు చీర. ఆ డబ్బు పోయిందని కూడా అనలేం, మన ఇంట్లో శుభకార్యానికి అంతా తిరిగొస్తుంది. కానీ నెల బడ్జెట్‌లో దానికో గడి పెట్టుకోకపోతే టెన్షనే.

ఇల్లు దొరకడం ఇంకో ముచ్చట. ఇక్కడి యజమాని మీ జీతం కంటే ముందు మిమ్మల్ని చదువుతాడు. నన్నొకాయన అడిగాడు:

"ఏ ఊరప్పా మీది?"

"డోన్ పక్కన పల్లె, పెద్దాయనా."

"ఊఁ. ఎవురోళ్లు మీరు?"

ఇది కులం అడగడమే. ఏం చెప్పినా ఆయన మనసులో ఏదో ఒకటి రాసుకుంటాడు. తర్వాత "నీసు వండుతారా?", ఆ తర్వాత "చుట్టాలు శానా మంది వస్తారా?" ఈ చివరిది మాత్రం నీళ్ల లెక్క. సిటీలో ఈ ప్రశ్నలు లేవని కాదు, అక్కడ బ్రోకరు నోటితో వస్తాయి. ఒంటరిగా ఉండే ఆడపిల్లలకు మూడూళ్లలోనూ ఇల్లు దొరకడం కష్టమే. రాత్రి ఎనిమిదిన్నరకు ఆటో దిగితే వీధిలో రెండు తలుపులు తెరుచుకుంటాయి. ఆ చూపు భద్రత అనుకునేవాళ్లున్నారు, ఊపిరాడదు అనేవాళ్లున్నారు. మా ఆవిడ మొదట్లో రెండో రకం. నాన్నను ఆసుపత్రికి తీసకపోయిన రాత్రి ఆ రెండు తలుపులవాళ్లే మా పిల్లల్ని తీసుకెళ్లి పడుకోబెట్టుకున్నారు. అప్పట్నుంచి ఆమె ఆ విషయం మాట్లాడదు.

లాభం చెప్పమంటే ఒక్కటే చెబుతాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తింటాను. పావుగంట కునుకు తీస్తాను. మళ్లీ పనికి పోతాను. హైదరాబాద్‌లో పన్నెండేళ్లలో పండగలకు తప్ప పగటిపూట మా ఇంటి వంటగది వెలుతురు ఎలా ఉంటుందో నేను చూడలేదు.

## ఇంట్లో ఎవరెవరు?

మూడూళ్లకూ వచ్చే కుటుంబాల్లో సాధారణంగా నష్టపోయేది భార్య ఉద్యోగం. భర్తకు ఇంటి నుంచి పని, ఆమెకు? టీచరు, నర్సు, బ్యాంకు, ప్రభుత్వ ఉద్యోగం అయితే ఫర్వాలేదు. అకౌంట్స్, హెచ్ఆర్, డిజైన్ లాంటివైతే జీతం సగానికి పడుతుంది, అదీ దొరికితే. అనంతపురంవాళ్లకు కొంచెం ఆశ ఉంది. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ, దాని వెంట విడిభాగాల కంపెనీలు వచ్చాయి. కానీ అది రోజూ పోయిరావడానికి దూరమే. కర్నూలులో ఉద్యోగాలంటే ఎక్కువగా ఆసుపత్రులు, కాలేజీలు, వ్యాపారం. కడప చుట్టూ సిమెంటు ఉంది, ప్రొద్దుటూరులో బంగారం, బట్టల వ్యాపారం ఉంది. జీతం కోసం కాకుండా సొంత దుకాణం పెట్టాలనుకునేవాళ్లకు కడప వైపు జనం చేతిలో డబ్బు ఆడుతుందనేది నా అనుభవం.

పిల్లల చదువు పదో తరగతి దాకా ఎక్కడైనా ఒకటే. కార్పొరేట్ స్కూళ్లు అన్నిచోట్లా అవే పేర్లు, అవే యూనిఫాంలు. ఆ పైన తేడా వస్తుంది. ఇంజినీరింగ్ మీద మనసుంటే అనంతపురంలో 1946లో పుట్టిన కాలేజీ ఇప్పటి జేఎన్‌టీయూ అయింది. అక్కడే కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2018లో వచ్చిన సెంట్రల్ యూనివర్సిటీ కూడా ఉన్నాయి. కర్నూలులో మెడికల్ కాలేజీ, ట్రిపుల్ ఐటీడీఎం. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం. పిల్లాడికి ఆటల పిచ్చి ఉంటే మాత్రం ఆలోచించకుండా అనంతపురం అంటాను. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ మైదానాలు ఏ సిటీకీ తీసిపోవు, 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఎక్కువగా ఆడింది అక్కడే. పుస్తకాల పిచ్చి ఉంటే కడప. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి నిలబెట్టిన బ్రౌన్ గ్రంథాలయం ఉంది. నా డిగ్రీ రోజుల్లో క్లాసు ఎగ్గొడితే సినిమాకు డబ్బుల్లేనప్పుడు పోయేది అక్కడికే.

ముసలివాళ్లకు మూడూ సిటీ కంటే మేలు, ఇందులో నాకు అనుమానం లేదు. మా పిన్ని హైదరాబాద్‌లో తొమ్మిదో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు బటన్లంటే భయం. కిందికి దిగడం వారానికోసారి. కడపలో అయితే షేర్ ఆటో ఎక్కి దేవుని కడపకు పోయిరాగలదు. ఉగాది రోజు ఆ గుడికి ముస్లింలు కూడా వచ్చి దణ్ణం పెట్టుకోవడం, పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు పోవడం ఆమెకు వింతేమీ కాదు, అక్కడే పెరిగింది. ఆర్టీసీ బస్సుల్లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచితం అయ్యాక ఊరూరా చుట్టాలిళ్లు తిరిగొచ్చే పెద్దమ్మలు ఎక్కువయ్యారు.

తిండి విషయం ఎవరూ అడగరు గానీ చెబుతాను. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ కావాలంటే కర్నూలు. ఎర్రకారం, పప్పుల పొడి, నెయ్యి వేసిన దోశకు కడప. పండగ ఓళిగలకు అనంతపురం, సగం కన్నడ రుచి.

## నేనైతే ఎవరికి ఏది చెబుతానంటే

ఆఫీసు హైదరాబాద్‌లో ఉండి నెలకు రెండు మూడుసార్లు పోవాల్సినవాళ్లు, ఇంట్లో గుండె, షుగర్ రోగులున్నవాళ్లు కర్నూలే చూడండి. ఆఫీసు బెంగళూరులో ఉన్నా, విదేశాలకు రాకపోకలున్నా, పిల్లలు చిన్నవాళ్లయినా అనంతపురం. రిటైరైనవాళ్లకు, సొంత వ్యాపారమున్నవాళ్లకు, తిరుమలకు నెలనెలా పోవాలనుకునేవాళ్లకు కడప. ఇద్దరికీ సిటీ ఉద్యోగాలే ఉండి, ఇద్దరికీ ఇంటి నుంచి పని కుదరకపోతే మూడూ వద్దు. కొన్నాళ్లు ఆగండి. ఊరి మీద ప్రేమతో వచ్చి, ఒకరి ఉద్యోగం పోయి, రెండేళ్లకు మళ్లీ లారీలో సామాను వేసుకుని వెనక్కి పోయిన రెండు కుటుంబాలను నేను చూశాను.

హైదరాబాద్ ఫ్లాట్ సొంతదైతే అమ్మకండి, అద్దెకివ్వండి. ఇక్కడ వెంటనే ప్లాటు కొనకండి. హైవే పక్కన వెంచర్ల బ్రోషర్లలో ఊరికి పది నిమిషాలని రాస్తారు, అది అర్ధరాత్రి ఖాళీ రోడ్డు లెక్క. ముందు పదకొండు నెలల అగ్రిమెంటుతో అద్దెకు దిగండి. వీలైతే ఏప్రిల్‌లో దిగండి. డిసెంబరులో వచ్చి చూస్తే ఏ ఊరైనా బాగానే ఉంటుంది. మే నెల నీళ్లు, మే నెల కరెంటు, మే నెల రాత్రి చూశాక కూడా ఉండాలనిపిస్తే అప్పుడు స్థలం సంగతి.

మా తమ్ముడు ఇదంతా విని, పట్టిక లాంటిది వేసుకున్నాడు. రహదారికి ఇన్ని మార్కులు, ఆసుపత్రికి ఇన్ని, చదువుకు ఇన్ని. అంతా కూడితే కర్నూలు మొదటొచ్చిందట. వారం తర్వాత వాడి భార్య ఫోన్ చేసింది.

"బావగారూ, ఆయన పట్టిక నేను చూళ్లేదు గానీ ఒకటి చెప్పండి. మీ వీధిలో నీళ్లు రోజూ వస్తాయా, రోజు విడిచి రోజా?"

"రోజూ వస్తాయమ్మా. ఎండాకాలంలో రోజు విడిచి రోజు."

"ఎన్నింటికి?"

"తెల్లవారుజామున నాలుగున్నరకు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మీ తమ్ముడు లేస్తాడంటారా?" అంది.